పార్టీ చూసి షాపు మానేయాలా? (పాఠకుల ప్రశ్నలకు జవాబులు)

ఈ నెల ఉత్తరాల్లో మూడు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. ఓనర్ రాజకీయం నచ్చకపోతే అతని వ్యాపారాన్ని బహిష్కరించవచ్చా అన్నదే ఆ విషయం. అందుకే మిగతా ప్రశ్నల్ని వచ్చే నెలకి ఉంచి ఈసారి ఈ మూడింటికే జవాబిస్తున్నాను.

ప్రశ్న: మాది కావలి. మా వీధి చివర టిఫిన్ హోటల్‌లో చిన్నప్పటి నుంచీ తింటున్నాం. ఓనర్ని అన్నా అనే పిలుస్తాను. 2024 ఎన్నికల్లో ఆయన మాకు పడని పార్టీ తరఫున తిరిగాడు, ఇప్పటికీ వాట్సాప్ స్టేటస్‌లో ఆ పార్టీ వీడియోలే పెడతాడు. మా ఫ్రెండ్స్ గ్రూపులో ఒక లిస్టు తయారైంది. ఈ హోటలు, ఒక మెడికల్ షాపు, ఒక బట్టల షాపు, ఒక ఫంక్షన్ హాలు అందులో ఉన్నాయి. మన డబ్బుతో వాళ్ళ పార్టీని ఎందుకు పెంచాలి, ఎవరూ అడుగు పెట్టొద్దు అంటున్నారు. నేనూ మానేశాను. కానీ ఆయన ఎదురుపడితే ముఖం తిప్పుకోవాల్సి వస్తోంది. నేను చేస్తున్నది కరెక్టేనా?

జవాబు: మళ్ళీ ఆ హోటల్‌కి వెళ్ళండి. ఎందుకో చెప్తాను.

మీ డబ్బు మీది, అందులో అనుమానం లేదు. ఎక్కడ తినాలో ఎక్కడ కొనాలో మిమ్మల్ని ఎవరూ శాసించలేరు, మానేస్తే ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు. పైగా కలిసికట్టుగా మానేయడం అనేది డబ్బూ పదవీ లేనివాళ్ళ చేతిలో ఉన్న పెద్ద బలం, దాన్ని నెల్లూరు జిల్లా ఆడవాళ్ళు వాడినంత గొప్పగా ఈ రాష్ట్రంలో ఇంకెవరూ వాడలేదని నా నమ్మకం. 1990ల మొదట్లో కలిగిరి మండలం దూబగుంటలో రోసమ్మ లాంటి ఆడవాళ్ళు అక్షరాస్యత తరగతులకి పోగై, అక్షరాలతో పాటు ఇంటి కష్టం కూడా మాట్లాడుకుని, కూలి డబ్బంతా సారాకే పోతోందని తేల్చుకుని, ఊళ్ళోకి సారా రాకుండా అడ్డం నిలబడ్డారు. అది ఊరూరా పాకింది. సారా వేలంపాటలు మళ్ళీ మళ్ళీ ఆగిపోయాయి. చివరికి 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు నుంచి రాష్ట్రమంతటా ప్రభుత్వం సారాని నిషేధించాల్సి వచ్చింది.

ఆ ఆడవాళ్ళు దేనికి అడ్డం నిలబడ్డారో చూడండి. సారాకి. దుకాణం నడిపేవాడు ఏ జెండా మోస్తాడన్నది వాళ్ళ గొడవ కాదు, వాడు రేపు పార్టీ మారినా ఆ సారా ఆ ఇంటిని కూల్చేదే. అమెరికాలో మాంట్‌గోమరీ అనే ఊళ్ళో 1955 డిసెంబరు నుంచి 381 రోజులు నల్లజాతి జనం సిటీ బస్సులు ఎక్కకుండా మైళ్ళకి మైళ్ళు నడిచి పనులకి పోయారు, ఎందుకంటే ఆ బస్సులోనే వాళ్ళని వెనక సీట్లకి తోసి, తెల్లవాళ్ళు ఎక్కితే ఉన్న సీటు కూడా ఖాళీ చేయించేవాళ్ళు. రెండు చోట్లా దెబ్బ ఆ వ్యాపారం చేసే పని మీదే పడింది. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆ హోటల్ మీకు గానీ ఇంకెవరికి గానీ చేసిన అన్యాయం ఒక్కటి కూడా అందులో కనపడలేదు. ఉన్నదల్లా ఆయన ఓటు, ఆయన స్టేటస్.

మన డబ్బుతో వాళ్ళ పార్టీ పెరుగుతుందన్న మాట కూడా లెక్కకి నిలవదు. మీరిచ్చే దోశ డబ్బుల్లో బియ్యం, మినప్పప్పు, నూనె, గ్యాసు, అద్దె, జీతాలు పోగా ఓనర్‌కి మిగిలేది కొంచెం, అందులోంచి పార్టీకి పోయేది ఉంటే గింటే ఇంకా కొంచెం. పార్టీలకి అసలు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో 2024 మార్చిలో దేశమంతా చూసింది. ఇచ్చినవాళ్ళ పేరు బయటికి రాకుండా పార్టీలకి డబ్బు చేరేలా పెట్టిన ఎన్నికల బాండ్ల పథకాన్ని సుప్రీంకోర్టు ఫిబ్రవరి 15న కొట్టేశాక స్టేట్ బ్యాంకు లెక్కలు బయటపెట్టక తప్పలేదు. ఒకదానికొకటి పడని పార్టీలకి కూడా ఒకే కంపెనీ కోట్లకి కోట్లు ఇచ్చినట్టు అందులో ఉంది. ఆ కంపెనీలు వేసిన రోడ్ల మీద మీ గ్రూపు వాళ్ళందరూ బండ్లు నడుపుతూనే ఉన్నారు, నడపక తప్పదు కూడా. వాళ్ళని ఏమీ చేయలేక వీధి చివర దోశలు పోసే మనిషి మీద పడటం నాకు న్యాయంగా అనిపించడం లేదు.

ఇంకో సంగతి. 2019లో ఉమ్మడి నెల్లూరు జిల్లాలో 10 సీట్లకి 10 వైఎస్సార్ కాంగ్రెస్ గెలిచింది, 2024లో అదే 10కి 10 తెలుగుదేశం గెలిచింది. అప్పుడు అటు గెలిచి, మధ్యలో పార్టీ మారి, ఇప్పుడు ఇటు గెలిచిన ఎమ్మెల్యేలూ అందులో ఉన్నారు. జిల్లాలో వేలమంది ఐదేళ్ళలో తమ ఓటు మార్చుకున్నారు కాబట్టే ఇలా జరిగింది. మరి మీ లిస్టు ఏ ఏడాది ఓటుని బట్టి రాస్తారు? 2019లో ఇటు వేసి 2024లో అటు వేసిన కిరాణా కొట్టాయన ఏ వరసలోకి వస్తాడు?

ఆ హోటల్ మూతపడితే ముందు రోడ్డున పడేది ఓనర్ కాదు, దోశ మాస్టరు, సర్వర్లు, వెనకాల గిన్నెలు కడిగే ఆవిడ. వాళ్ళ ఓటు ఎవరికో మీకు తెలియదు, మీ పార్టీకే వేసి ఉండొచ్చు. మెడికల్ షాపు సంగతి ఇంకా ఘోరం, అర్ధరాత్రి ఇంట్లో పిల్లకి జ్వరం వస్తే లిస్టు పట్టుకుని ఊరవతల ఇంకో షాపు వెతుక్కుంటూ పోతారా?

అయితే ఎప్పుడూ మానేయకూడదని నేను అనడం లేదు. రేపు ఆ ఓనర్ తన దగ్గర పనిచేసేవాళ్ళని బలవంతంగా పార్టీ ర్యాలీలకి తోలుతున్నాడనో, రానివాళ్ళ జీతం కోస్తున్నాడనో తెలిస్తే మానేయండి, ఎందుకు మానేశారో ఆయనకి చెప్పి మరీ మానేయండి. ఫలానా కులం వాళ్ళు, ఫలానా మతం వాళ్ళు ఈ ఊళ్ళో ఉండకూడదు అని రాసినా, వాళ్ళకి టిఫిన్ పెట్టే తీరులో తేడా చూపించినా అంతే. అవతలి పార్టీ వాళ్ళ ఇంటి ఆడవాళ్ళ మీద నీచమైన పోస్టులు పెట్టడం మన రాష్ట్రంలో ఒక రోగంలా తయారైంది, ఆయన అలాంటివి షేర్ చేస్తుంటే దాన్ని రాజకీయ అభిప్రాయం కింద నేను ఒప్పుకోను, మీరూ ఒప్పుకోవద్దు. కానీ మామూలు పార్టీ అభిమానానికి శిక్ష వేసే పని మనది కాదు.

గ్రూపులో ఏం చెప్పాలని మీరు అడగలేదు గానీ అసలు కష్టం అక్కడే ఉంది. మీరు ఒక్కరే మానేస్తే అది మీ ఇష్టం. లిస్టు రాసి, ఎవరు వెళ్ళారో ఎవరు వెళ్ళలేదో కాపలా కాస్తే మీ ఫ్రెండ్స్‌లో కూడా ఒక్కొక్కరికి భయం పుడుతుంది. మీకు ఇప్పటికే పుట్టింది, అందుకే ఈ ఉత్తరం. అవతలి వాళ్ళు కూడా ఇలాంటి లిస్టు ఒకటి రాస్తే అందులో మీ బంధువుల షాపులు, మీ నాన్నగారి పని ఉంటాయి. కావలి లాంటి ఊళ్ళో ఇటు పదిమంది అటు పదిమంది లిస్టులు రాసుకుంటే పెళ్ళికి వంటవాళ్ళు కూడా దొరకరు. నేను ఇందులో లేను అని ఒక్క మాట రాయండి, వాదన పెట్టుకోవద్దు. హోటల్‌కి వెళ్ళినప్పుడు మాత్రం మీ మనసులో మాట దాచుకోకండి. అన్నా, నీ పార్టీ నాకు నచ్చదు, నీ దోశ నచ్చుతుంది అని ఆయన ముందే అనండి. ఇన్నేళ్ళ పరిచయం ఆ మాటకి తెగిపోదు.

ప్రశ్న: మాది ఇందుకూరుపేట, రొయ్యల గుంటలు ఉన్నాయి. 2025 ఆగస్టులో అమెరికా 50 శాతం సుంకం వేసినప్పుడు మేము బాగా దెబ్బతిన్నాం. అప్పటి నుంచి మా కాలేజీలో అమెరికా కూల్‌డ్రింకులు, చాక్లెట్లు మానేయాలని, ఆ కంపెనీల ఓనర్లు ట్రంప్ మనుషులని కొందరు అంటున్నారు. మానేస్తే ఉపయోగం ఉంటుందా?

జవాబు: మీ బాధ అర్థమవుతోంది. కౌంట్ ధర (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో దాన్ని బట్టి ఇచ్చే ధర) పడిపోయి, మేత ధర తగ్గక, గుంట ఎండగట్టాలా వద్దా అని నాన్న రాత్రుళ్ళు లెక్కలు వేసుకుంటుంటే కోపం రాకుండా ఎలా ఉంటుంది? కూల్‌డ్రింకు మానేయండి, ఆరోగ్యానికైనా మంచిదే. కానీ సుంకం వేసింది ఆ దేశ ప్రభుత్వం, ఆ సీసా నింపిన కంపెనీ కాదు. పెప్సీ ఫ్యాక్టరీ, క్యాడ్‌బరీ ఫ్యాక్టరీ సూళ్ళూరుపేట దాటితే శ్రీసిటీలోనే ఉన్నాయి. అక్కడ షిఫ్టులకి వెళ్ళేది మన చుట్టుపక్కల ఊళ్ళ పిల్లలు.

ఓనర్ రాజకీయం చూసి మానేయమంటే ఏం జరుగుతుందో అమెరికాలోనే ఒకసారి తేలింది. 2020 జులైలో గోయా అనే ఆహార కంపెనీ అధిపతి వైట్‌హౌస్‌కి వెళ్ళి ట్రంప్‌ని పొగిడాడు. ఒక వర్గం ఆ సరుకు కొనొద్దంది, వెంటనే ఇంకో వర్గం పంతానికి బండ్ల నిండా కొంది. అమ్మకాలు తగ్గడం పోయి కొన్నాళ్ళు పెరిగి, తర్వాత మళ్ళీ మామూలు అయ్యాయి. మీ కాలేజీలో ఉన్న ఊపుని వేరే వైపు తిప్పండి. మన రొయ్య ఎక్కువ భాగం బయటి దేశాలకే పోతుంది, అందులోనూ అమెరికా మీదే పెద్ద భారం పెట్టుకున్నాం, అందుకే ఒక్క దేశం నిర్ణయానికి ఇంత దెబ్బ తగిలింది. హాస్టల్ మెస్సులో వారానికి ఒకసారి రొయ్యల కూర పెట్టమని అడగండి, గుంట దగ్గరి నుంచి నేరుగా కొనే ఏర్పాటు చేయమనండి. ఇది చిన్న పనే, కానీ ఆ డబ్బు మీ నాన్న లాంటి రైతుకి చేరుతుంది.

ప్రశ్న: మాది కొండపి దగ్గర పల్లె. మేము ఎస్సీలం. చిన్న చిల్లర అంగడి ఉంది, రెండు బర్రెలు ఉన్నాయి. పోయిన ఎన్నికల్లో మా ఆయన ఒక పార్టీకి బూతులో ఏజెంటుగా కూర్చున్నాడు. అప్పటి నుంచి అవతలి పార్టీ పెద్దలు మా అంగట్లో ఎవరూ కొనకూడదన్నారు. పాలకేంద్రంలో మా పాలు పోయించుకోవడం లేదు, బాడుగకి ట్రాక్టరు పిలిస్తే రావడం లేదు, మా దగ్గర కొన్నవాళ్ళకి ఫైన్ వేస్తామంటున్నారు. అడిగితే, ఎక్కడ కొనాలో మా ఇష్టం, మాకు హక్కుంది అంటున్నారు. నిజంగా వాళ్ళకి ఆ హక్కు ఉందా అమ్మా?

జవాబు: లేదమ్మా. ఎవరికి వారు మీ అంగట్లో కొనకపోవడం వేరు, కొన్నవాళ్ళకి ఫైన్ వేస్తామని బెదిరించి ఊరంతటినీ ఆపడం వేరు. రెండోది నేరం.

ఎస్సీ ఎస్టీ అత్యాచార నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. ఎస్సీ, ఎస్టీలకి చెందిన మనిషి మీద గానీ కుటుంబం మీద గానీ సాంఘిక బహిష్కరణ, ఆర్థిక బహిష్కరణ విధించడం, విధిస్తామని బెదిరించడం కూడా దాని ప్రకారం నేరమే. చేసినవాళ్ళు ఎస్సీ ఎస్టీలు కానివాళ్ళైతే ఆరు నెలల నుంచి ఐదేళ్ళ దాకా జైలు, జరిమానా. మామూలుగా అందరితో చేసే వ్యాపారం మీతో చేయకపోవడం, కూలికి పిలవకపోవడం, అందరికీ అందే సేవ మీకు అందకుండా చేయడం ఆర్థిక బహిష్కరణ కిందికి వస్తాయని చట్టంలోనే రాసి ఉంది. మీ పాలు, మీ ట్రాక్టరు బాడుగ, మీ అంగడి మూడూ అందులోకి వస్తాయి.

ఇది కులం గొడవ కాదు పార్టీ గొడవ అని వాళ్ళు తప్పించుకోవాలని చూస్తారు, స్టేషన్లో కూడా ఆ మాట అనొచ్చు. దానికి భయపడి ఫిర్యాదు ఆపొద్దు, ఆ వాదన కోర్టులో తేలుతుంది. అదే పార్టీకి పనిచేసిన ఇతర కులాల ఇళ్ళ పాలు కేంద్రంలో పోయించుకుంటున్నారా లేదా అన్నది కూడా రాసి పెట్టుకోండి, అది మీకు బలమైన సాక్ష్యం. ఇలాంటి కట్టుబాట్లని చిన్న విషయంగా తీసుకోవద్దని మన ప్రాంతానికి బాగా తెలిసి ఉండాలి. 1991 ఆగస్టు 6న చుండూరులో దళితుల్ని చంపడానికి ముందు ఆ ఊళ్ళో వాళ్ళ మీద ఇలాంటి బహిష్కరణే నడిచింది.

ఇప్పుడు చేయాల్సింది చెప్తాను. ఏ తేదీన ఎవరు ఏమన్నారో ఒక నోటుపుస్తకంలో రాయండి, ఫోన్లో వచ్చిన మెసేజీలు, వాయిస్‌లు చెరపొద్దు. పాలు తీసుకుని కేంద్రానికి వెళ్ళి, మీవాళ్ళు ఇద్దరు పక్కన ఉండగా ఎందుకు పోయించుకోరని అడగండి. తర్వాత ఆ డెయిరీ పై ఆఫీసుకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, ఏజెంటు చేసేది పైవాళ్ళకి తెలియకపోవచ్చు. స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చి రసీదు అడగండి. ఈ చట్టం కింద ఎఫ్ఐఆర్ రాయడానికి ముందు విచారణ అక్కర్లేదని 2018 సవరణలో ఉంది, దర్యాప్తు చేయాల్సింది డీఎస్పీ స్థాయి అధికారి. స్టేషన్లో తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపండి, 14566కి ఫోన్ చేయండి, అది ఇలాంటి కేసులకే పెట్టిన నంబరు. లాయరు ఖర్చు గురించి టెన్షన్ పడొద్దు. ఎస్సీ ఎస్టీలకి, ఆడవాళ్ళకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం 1987 చట్టం ప్రకారం హక్కు. ఒంగోలు కోర్టు ఆవరణలో న్యాయసేవాధికార సంస్థ ఎక్కడని అడిగితే చూపిస్తారు.

ఈ సోమవారమే మీరూ మీ ఆయనా ఒంగోలు కలెక్టరేట్‌లో గ్రీవెన్స్‌కి వెళ్ళండి. ఆధార్ కార్డులు, కుల ధ్రువీకరణ పత్రం, పాలు పోసిన పాత చీటీలు, ఆ నోటుపుస్తకం జిరాక్సు తీసుకెళ్ళండి, అర్జీ నంబరు రాయించుకుని రండి.