బొడ్డు దగ్గర చీము: ఆసుపత్రి తప్పని ఎలా నిరూపించాలి?

ప్రశ్న: మాది గుంటూరు. 22 నెలల కిందట కొత్తపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ల్యాప్రోస్కోపీతో గాల్‌బ్లాడర్ తీయించుకున్నాను. నెల తిరిగేసరికి బొడ్డు దగ్గరి కుట్టు నుంచి చీము మొదలైంది. వేరే ఆసుపత్రిలో కల్చర్ పరీక్ష (చీములో ఏ సూక్ష్మజీవి ఉందో చూసే పరీక్ష) చేసి ఎనిమిది నెలలు మందులు వాడించారు. ఆ రిపోర్టు అక్కడే వదిలేశాను. ఉద్యోగం పోయింది. మొదటి ఆసుపత్రివాళ్లు ‘మీ ఒంటి తత్వం’ అన్నారు. బిల్లు కూడా తెల్ల కాగితం మీదే రాసిచ్చారు, డబ్బు ఫోన్‌పేలో కట్టాను. ఇప్పుడు కాగితం మీద సంతకం పెడితే 50 వేలు ఇస్తామంటున్నారు. పదిమందిని తీసుకెళ్లి ఆసుపత్రి ముందు కూర్చుందామని మా తమ్ముడు అంటున్నాడు. ఆ వారంలోనే అదే థియేటర్‌లో ఆపరేషన్ చేయించుకున్న మరో ఇద్దరికీ ఇలాగే అయిందట.

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో కేసంతా ఆఖరి వాక్యంలోనే ఉంది. ఇన్ఫెక్షన్ వచ్చినంత మాత్రాన నిర్లక్ష్యం అని ఏ కోర్టూ అనదు. ఆ రిస్కు ఉందని మీరు సంతకం చేసిన కన్సెంట్ ఫారం చూపిస్తారు. కానీ ఒకే థియేటర్, ఒకే వారం, ముగ్గురికీ ఒకే రకం చీము అయితే ఒంటి తత్వం అన్న మాట నిలవదు. పరికరాలు సరిగా స్టెరిలైజ్ చేశారా అన్న ప్రశ్న వస్తుంది.

రెండో ఆసుపత్రి కల్చర్ రిపోర్టులో ఏ సూక్ష్మజీవి పేరుంది? రిపోర్టు అక్కడే వదిలేశానని రాశారు. బీరువాలో పట్టుచీరలతో పాటు పెట్టాల్సిన కాగితం అది! నెలల తరబడి మందులు వాడించారంటే క్షయ జాతికే చెందిన, నీళ్లలో బతికే మైకోబ్యాక్టీరియా కావచ్చు. ల్యాప్రోస్కోపీ పరికరాలను మందునీళ్లలో చాలినంతసేపు ఉంచకపోయినా, తీశాక కుళాయి నీళ్లతో కడిగినా అది అంటుకుంటుంది. మామూలు కల్చర్‌లో దొరక్కపోవచ్చు కూడా. రిపోర్టు ఈ వారమే తెచ్చుకోండి.

రెండు ఆసుపత్రులకూ కేస్ షీటు (మీ చికిత్స రికార్డు) ఇవ్వమని రిజిస్టర్డ్ పోస్టులో రాయండి. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధన. రికార్డు మూడేళ్లే ఉంచితే చాలు కాబట్టి ఆలస్యం చేయకండి. స్టెరిలైజేషన్ రిజిస్టరు మీరు అడిగితే ఇవ్వరు. కన్స్యూమర్ కమిషన్ (వినియోగదారుల కోర్టు) తెప్పించగలదు.

ఆ కమిషన్‌లో ఫిర్యాదు వేయడానికి గడువు రెండేళ్లు. చీము పట్టిన రోజు నుంచి లెక్కేయాలని వాదించవచ్చు. నేనైతే ఆపరేషన్ తేదీ నుంచే లెక్కేస్తాను. అంటే మీకు రెండు నెలలే. ఆలస్యాన్ని మన్నించమని పిటిషన్ వేయవచ్చు గానీ, దాని మీద ఆశ పెట్టుకోకండి.

ఆ 50 వేల కాగితం మీద సంతకం పెట్టకండి. ‘ఇకపై ఎలాంటి ఫిర్యాదూ లేదు’ అని ఒక్క లైను చాలు, మీ కేసు నీరుగారడానికి. తమ్ముడికీ గట్టిగా చెప్పండి. అక్కడ ఒక అద్దం పగిలినా ఆసుపత్రుల మీద దాడులను ఆపడానికి తెచ్చిన 2008 నాటి రాష్ట్ర చట్టం కింద నాన్‌బెయిలబుల్ కేసు అతని మీదే పడుతుంది.

గుంటూరు జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. కట్టిన బిల్లు 5 లక్షల లోపు ఉంటే కోర్టు ఫీజు లేదు. తెల్ల కాగితం మీద బిల్లు రాసిచ్చారని బాధపడ్డారు. ఫోన్‌పేలో కట్టిన రికార్డు, బ్యాంకు స్టేట్‌మెంటు ఉన్నాయి కదా. ముందు ఆ ఇద్దరి ఇళ్లకు వెళ్లి వాళ్ల రిపోర్టులు చూడండి. వాటిలోనూ మీ రిపోర్టులోనూ సూక్ష్మజీవి పేరు ఒకటే అయితే ఇద్దరి చేతా అఫిడవిట్లు రాయించి, అప్పుడు లాయరు దగ్గరకు వెళ్లండి.