డిపాజిట్ సంగతి తర్వాత, ముందు నాన్నగారితో మాట్లాడండి

ప్రశ్న: మా నాన్నగారికి 67 ఏళ్లు. మోకాళ్లు బాగా అరిగిపోయాయి, కీలు మార్చాలని డాక్టర్ చెప్పారు. నా ఫిక్స్‌డ్ డిపాజిట్ గడువు తీరడానికి ఇంకా ఏడు నెలలుంది. దాన్ని మధ్యలోనే తీసేయాలా, పర్సనల్ లోన్ తీసుకోవాలా? ఆరోగ్య బీమా ఉంది కానీ తీసుకుని రెండేళ్లే అయింది. టెన్షన్ పెట్టడం ఎందుకని నాన్నగారికి ఇంకా ఏమీ చెప్పలేదు.

జవాబు: డిపాజిట్ గడువు రాశారు, బీమా వయసు రాశారు. ఆపరేషన్ ఎప్పటిలోగా చేయించాలో మాత్రం రాయలేదు. ఒక మోకాలికా, రెండింటికా? రెండూ ఒకేసారా, విడివిడిగానా? ఇవి తెలియకుండా లోనా డిపాజిటా అన్నది నేను తేల్చలేను. తెలిశాక అది పెద్ద ప్రశ్నే కాదు.

మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది చివరి వాక్యం. మోకాలు నాన్నగారిది. ఎంత నొప్పి ఉందో, ఎంతవరకు ఓర్చుకోగలరో, మెట్లెక్కడం ఆయనకు ఎంత అవసరమో చెప్పగలిగింది ఆయనే. తన జబ్బు ఏమిటో, చేయబోయే చికిత్స ఏమిటో, వేరే దారులేమున్నాయో తెలుసుకుని అవుననో కాదనో చెప్పడం రోగి హక్కు. ప్రపంచ వైద్య సంఘం 1981లో లిస్బన్‌లో చేసిన ప్రకటన సారాంశం ఇదే. ఏ దశలోనైనా మరో డాక్టర్‌ని అడిగే హక్కు కూడా తర్వాతి సవరణలో అందులో చేరింది. కాబట్టి రెండో అభిప్రాయానికి వెళితే డాక్టర్‌ని అవమానించినట్టు కాదు.

ఇంత గట్టిగా చెప్పడానికి మా ఇంట్లో జరిగిన ఒక సంగతి కారణం. కొన్నేళ్ల కిందట మా అమ్మకు గాల్ బ్లాడర్ తీసేశారు. ఆస్పత్రి కౌంటర్‌కి దారంతో కట్టిన పెన్ను ఉంటే, దానితో నిలబడే కన్సెంట్ ఫారం మీద సంతకం పెట్టాను. నాలుగు పేజీల్లో ఒక్కటీ చదవలేదు. ఏం తీశారో అమ్మకు ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. లివర్ తీసేశారనుకుని ఆవిడ ఏడాది పాటు కడుపునిండా తినడానికి భయపడింది. చివరికి ఒక నర్సు కాగితం మీద బొమ్మ గీసి చూపించింది: ఇదీ లివర్, అలాగే ఉంది, దీని కింద చిన్న సంచి, అందులో రాళ్లు, తీసింది ఆ సంచినే. ఏడాది భయం పోవడానికి రెండు నిమిషాలు పట్టింది. అమ్మ ఆ కాగితాన్ని మడిచి పర్సులో పెట్టుకుంది.

ఇక డబ్బు. మోకీలు మార్పిడి చాలామందికి ముందే తేదీ చూసుకుని చేయించుకునే ఆపరేషన్. అందుకే డాక్టర్‌ని మొదట అడగాల్సింది, "ఆరేడు నెలలు ఆగితే ఏమవుతుంది?" అని. కాలు వంకర పెరుగుతోందనో, కండ బలం తగ్గిపోతోందనో చెబితే ఆగొద్దు, డబ్బు కోసం అసలే ఆగొద్దు. ఆగినా నష్టం లేదంటే మీ డిపాజిట్ దానంతట అదే చేతికొస్తుంది. కీళ్ల మార్పిడికి మీ పాలసీలో వెయిటింగ్ పీరియడ్ (పాలసీ తీసుకున్నాక ఆ చికిత్సకు బీమా డబ్బు రాని కాలం) ఉంటే, ఈలోపు అది పూర్తవుతుందేమో కూడా తెలుస్తుంది. ఒక్క ప్రశ్నతో లోన్ అవసరమే లేకుండా పోవచ్చు.

ఆ ఆగే కాలం ఊరికే పోదు. తొడ కండరాలకు వ్యాయామం, బరువు ఎక్కువుంటే తగ్గించడం వల్ల కొందరికి ఆపరేషన్ వాయిదా పడేంత ఉపశమనం దొరుకుతుంది. ఒక కిలో తగ్గితే అడుగు వేసిన ప్రతిసారీ మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. మీ నాన్నగారికి ఇది పనికొస్తుందో లేదో డాక్టరే చెప్పాలి. మీరు అడగడం మరిచిపోకండి.

ఆపరేషనే సరైనదని తేలితే, దాని ఫలితం ఎలా ఉంటుందో కూడా నాన్నగారికి ఉన్నదున్నట్టు తెలియాలి. 2019లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం పూర్తిగా మార్చిన మోకీళ్లలో దాదాపు 82 శాతం 25 ఏళ్లు నిలుస్తాయి. అదే సమయంలో, చేయించుకున్న ఐదుగురిలో ఒకరి దాకా అనుకున్నంత తృప్తి కలగదు. కీలు మార్చేది సర్జన్, దాన్ని వంచి నడిపించాల్సింది మీ నాన్నగారు. వారాల తరబడి నొప్పి ఓర్చుకుంటూ ఫిజియోథెరపీ చేయాలి. ఎందుకు చేస్తున్నానో తెలియని మనిషి నాలుగో రోజే మానేస్తాడు. మీరు పెట్టిన డబ్బులో పెద్ద భాగం వృథా అయ్యేది అక్కడే.

డాక్టర్ చెప్పిన దాంట్లో 40 నుంచి 80 శాతం రోగులు వెంటనే మరిచిపోతారని పరిశోధకులు చెబుతారు. అందుకని ఈసారి ఇద్దరూ వెళ్లండి. చిన్న నోట్‌బుక్ తీసుకెళ్లి, లేచి వచ్చే ముందు నాన్నగారినే "నాకు అర్థమైంది ఇదీ, సరేనా డాక్టర్?" అని తిరిగి చెప్పమనండి. తప్పుంటే అక్కడే తెలిసిపోతుంది. ఎక్స్‌రే, రిపోర్టుల కాపీలు అడిగి తెచ్చుకోండి, రెండో డాక్టర్‌కి పనికొస్తాయి.

ఖర్చు అంచనా కాగితం మీద తీసుకోండి. ప్యాకేజీలో ఏముందో కన్నా ఏం లేదో ముందు చూడండి: ఇంప్లాంట్ (లోపల అమర్చే కృత్రిమ కీలు) ఖర్చు అందులోనే ఉందా, ఫిజియోథెరపీ ఎన్నిసార్లు, అనుకున్నదానికన్నా ఎక్కువ రోజులు ఉండాల్సివస్తే ఎంత. ఆ కాగితంతో బీమా కంపెనీ నుంచి ముందస్తు అనుమతి అడగండి. గది అద్దె మీద పరిమితి ఉంటే, ఖరీదైన గది తీసుకున్నప్పుడు చాలా పాలసీల్లో మిగతా బిల్లులో కూడా కోత పడుతుంది.

వెంటనే చేయించాలని తేలి, బీమా పోను ఇంకా డబ్బు తక్కువపడితే, డిపాజిట్ తీసేయకుండా దాని మీదే లోన్ అడగండి. సాధారణంగా వడ్డీ పర్సనల్ లోన్ కన్నా తక్కువ ఉంటుంది, ముందుగా తీసినందుకు జరిమానా కట్టే పని ఉండదు, గడువు తీరగానే అప్పూ తీరిపోతుంది. ఫిజియోథెరపీ డబ్బు మాత్రం ఇప్పుడే విడిగా పెట్టేయండి. ఆస్పత్రి బిల్లు కట్టాక మిగిలితే చూద్దామనుకుంటే మిగలదు.