మిద్దె బాగు చేసే ముందు భాగం తేల్చుకోండి

ప్రశ్న: మేం పద్నాలుగేళ్లు బెంగళూరులో ఉండి, పోయిన ఉగాదికి ఇద్దరు పిల్లలతో ఊరికి వచ్చేశాం. మాది కర్నూలు జిల్లా పత్తికొండ దగ్గర పల్లె. మా ఆయన తాత 1962లో సొంత సంపాదనతో కొన్న 4 ఎకరాల 20 సెంట్ల చేను, ఆయనే కట్టించిన మట్టి మిద్దె, వెనక దొడ్డి ఉన్నాయి. తాత 1990లో, అవ్వ 1998లో పోయారు. వీలునామాలు ఏమీ లేవు. మా మామ 2011లో, అత్త 2019లో చనిపోయారు. చేను 1బీలో (రెవెన్యూ రికార్డులో) ఇప్పటికీ మామ పేరే ఉంది. మా ఆయనకు ఒక అన్న, ఒక అక్క. ఇద్దరూ "మాకు ఆ పాత కొంప ఎందుకు, మీరే ఉంచుకోండి" అన్నారు. బావగారు వాట్సాప్‌లో కూడా అదే పెట్టారు. నా గాజులు, హారం బ్యాంకులో పెట్టి 3 లక్షల 80 వేలు తెచ్చి పని మొదలుపెట్టాం. సగం మిద్దె పీకి స్లాబు వేయాలని. వాళ్లిద్దరి దగ్గర వంద రూపాయల స్టాంపు పేపరు మీద సంతకాలు తీసుకుంటే చాలా? పక్కింటివాళ్లు నడిమి గోడ తమది కూడా అని, ఎత్తు పెంచనివ్వం అంటున్నారు. వాళ్లకు ఆ హక్కు ఉందా? చేనులో బోరు వేయడానికి ఎవరి అనుమతి కావాలి? మా ఆయన మేనత్త ఆదోనిలో ఉంటారు, 1976లోనే పెళ్లయిపోయింది. ఆమె కొడుకు ఈ మధ్య "మాకూ ఒక మాట చెప్పాల్సింది" అన్నాడట. ఇంకొకటి, గోడలో గూడు పగలగొడుతుంటే మేస్త్రీ దగ్గర పనిచేసే పిల్లాడికి చిన్న ముంత దొరికింది. అందులో రాజు బొమ్మ ఉన్న వెండి రూపాయలు 38 ఉన్నాయి. వాటిని ఇంట్లో ఉంచుకోవచ్చు కదా?

జవాబు: మీ నాలుగు ప్రశ్నలకూ జవాబు చెబుతాను గానీ, ముందు మీరు ఒక ముక్కలో రాసి వదిలేసిన మేనత్త సంగతి చూద్దాం. లెక్క తప్పింది అక్కడే. ఆస్తి అన్నదమ్ములు, అక్క కలిపి ముగ్గురిదే అనుకుంటున్నారు. అందులో సగం మేనత్తది.

ఎలాగో చూడండి. తాత సొంతంగా కొన్న ఆస్తి, వీలునామా లేకుండా 1990లో పోయారు. హిందూ వారసత్వ చట్టం, 1956లోని 8వ సెక్షన్ ప్రకారం భార్య, కొడుకు, కూతురు సమాన వారసులు. అంటే అవ్వకు, మీ మామకు, మేనత్తకు తలా మూడో వంతు. 1998లో అవ్వ పోయాక ఆమె మూడో వంతు కొడుకు, కూతురు ఇద్దరికీ చెరిసగం. దాంతో మామకు సగం, మేనత్తకు సగం అయింది. మామ సగం 2011లో మీ అత్తకు, ముగ్గురు పిల్లలకు నాలుగు సమ భాగాలుగా వెళ్లింది. 2019లో అత్త భాగం ఆ ముగ్గురికీ పంచుకుపోయింది. ఇప్పుడు లెక్క తేలింది: మేనత్తకు సగం, మీ బావగారికి, వదినకు, మీ ఆయనకు తలా ఆరో వంతు. చేను వరకు చెప్పాలంటే మేనత్తది 2 ఎకరాల 10 సెంట్లు, మీ ఆయనది 70 సెంట్లు. మిద్దెలోనూ అంతే. మీ గాజులూ హారమూ ప్రస్తుతానికి ఆరో వంతు హక్కున్న ఇంటి గోడల్లోకి పోతున్నాయి.

"1985కు ముందే పెళ్లయిన ఆడపిల్లకు ఏముంటుంది?" అని ఊళ్లో ఎవరో ఒకరు మీకు చెప్పే ఉంటారు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఇదే మాటతో వస్తారు. ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ తేదీకి పెళ్లి కాని కూతుళ్లకు ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకుతో సమానంగా హక్కు ఇచ్చింది. అది పిత్రార్జితానికి, అంటే తాతముత్తాతల నుంచి వచ్చిన ఆస్తికి సంబంధించిన చట్టం. తండ్రి సొంతంగా సంపాదించిన ఆస్తిలో కూతురికి వాటా 1956 నుంచే ఉంది, పెళ్లి ఎప్పుడు అయిందన్న దానితో పనే లేదు. ఒకవేళ రేపు ఆ చేను ముత్తాత నుంచి వచ్చిందని తేలినా మేనత్త హక్కు పోదు. 2005లో కేంద్రం తెచ్చిన సవరణ తర్వాత, కూతురి హక్కు పుట్టుకతోనే వచ్చేదని, సవరణ నాటికి తండ్రి బతికి ఉండాల్సిన పని లేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో చెప్పింది. అప్పుడు భాగాల లెక్క మారుతుంది, అంతే.

1బీలో మామ పేరు ఉంది కదా అంటారేమో. 1బీ, అడంగల్, పాసుబుక్కు రెవెన్యూ రికార్డులు. వాటిలో పేరు ఎక్కినంత మాత్రాన మేనత్త భాగం మామ సొంతం అయిపోదు. ముప్పై ఏళ్లుగా ఆమె అటు తొంగి చూడలేదు, పంటలో గింజ అడగలేదు అన్నా సరిపోదు. ఉమ్మడి హక్కుదారుల్లో ఒకరు అనుభవిస్తుంటే అందరి తరఫునా అనుభవిస్తున్నట్టే లెక్క. "నీకు ఇందులో హక్కు లేదు పో" అని ఆమెకు తెలిసేలా బాహాటంగా కాదన్న రోజు నుంచే పన్నెండేళ్ల గడువు మొదలవుతుంది. మీ ఇంట్లో ఎవరూ ఆ మాట అన్నట్టు లేరు. అనకపోవడమే మంచిదైంది.

కాబట్టి ఈ వారంలోనే ఆదోనికి వెళ్లిరండి. లాయరు నోటీసు పంపొద్దు, ఫోనులో తేల్చొద్దు. మీ ఆయనే వెళ్లాలి. వీలైతే మీరూ, పిల్లలూ కలిసి వెళ్లండి. ఆమె కొడుకు అన్న మాట మళ్లీ చదవండి: "మాకూ ఒక మాట చెప్పాల్సింది." ఇది కోర్టుకు వెళ్లే మనిషి మాట కాదు, పిలవలేదని నొచ్చుకున్న మనిషి మాట. పుట్టింటి మిద్దె పీకుతున్నారని ఊరివాళ్ల నోట వింటే ఏ ఆడపడుచుకైనా కష్టంగానే ఉంటుంది. ఆమె పట్టుబడితే మిద్దె మీకు, దానికి బదులు చేనులో ఆమెకు కాస్త ఎక్కువ అన్న పద్ధతిలో మాట్లాడుకోవచ్చు. సాధారణంగా ఇలాంటివి అక్కడే తెగుతాయి.

మాట కుదిరాక కాగితం సంగతి. వంద రూపాయల స్టాంపు పేపరు, నోటరీ ముద్ర, బావగారి వాట్సాప్ మెసేజ్, వీటిలో ఏదీ స్థిరాస్తిలో హక్కును ఒకరి నుంచి ఇంకొకరికి మార్చదు. రిజిస్ట్రేషన్ చట్టం, 1908లోని 17వ సెక్షన్ ప్రకారం అలాంటి దస్తావేజు రిజిస్టరు కావాలి. కాకపోతే 49వ సెక్షన్ అడ్డొస్తుంది, హక్కు మారిందని రుజువు చేయడానికి ఆ కాగితాన్ని కోర్టు చూడదు. బావగారి మెసేజ్ మాత్రం తుడిచేయకండి. ఆయనకు తెలిసే పని మొదలైందని చెప్పడానికి పనికొస్తుంది.

నలుగురూ వాటాలు తేల్చుకుంటే భాగపరిష్కార దస్తావేజు రాసుకోండి. బావగారు, వదిన తమ భాగం వద్దనుకుంటే మీ ఆయన పేరున హక్కు విడుదల దస్తావేజు రాసివ్వొచ్చు. ఇక్కడ ఒక మెలిక ఉంది. విడుదల అనేది ఉమ్మడి హక్కుదారుకు మాత్రమే రాసిస్తారు. మీరు కోడలు, ఈ ఆస్తిలో మీకు ఇప్పుడు ఏ హక్కూ లేదు. మీ బంగారం మీ స్త్రీధనం, ఇంటికి పోతున్నది మీ డబ్బు. అందుకని కనీసం ఒకరి వాటానైనా గిఫ్టు గానో, అమ్మకం గానో నేరుగా మీ పేరున రాయించుకోండి. మీ ఆయనను అనుమానించమని చెప్పడం లేదమ్మా. ఇరవై ఏళ్ల తర్వాత ఏ ఆఫీసులోనైనా ఈ ఇంట్లో మీదేంటి అని అడిగితే చూపడానికి ఒక కాగితం ఉండాలి, అంతే. స్టాంపు డ్యూటీ ఒక్కో దస్తావేజుకు ఒక్కోలా ఉంటుంది. ముందే లెక్క కట్టించుకుని ఏది లాభమో చూసుకోండి. రిజిస్ట్రేషన్‌కు ముందు పోయిన నలుగురి మరణ ధ్రువపత్రాలు, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, 1962 నాటి కొనుగోలు దస్తావేజు నకలు, ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ లావాదేవీల పత్రం) తీయించుకోండి. దస్తావేజు చేతికి వచ్చాక చేను మ్యుటేషన్‌కు (రికార్డుల్లో పేరు మార్పుకు) దరఖాస్తు పెట్టండి. మిద్దె గ్రామకంఠంలో, అంటే ఊళ్లో ఇళ్ల కోసం ఉన్న స్థలంలో ఉంది కాబట్టి దానికి 1బీ ఉండదు. పంచాయతీలో ఇంటి పన్ను పేరు, కరెంటు మీటరు పేరు మార్పించుకుంటే సరిపోతుంది.

అంతవరకు పని ఆపేయాలా? వాన కారే చోట కప్పు వేసుకోవచ్చు, పడిపోయేలా ఉన్న గోడ నిలబెట్టుకోవచ్చు. ఉన్న ఆస్తి పాడవకుండా చూసుకోవడం ఉమ్మడి హక్కుదారు ఎవరైనా చేయొచ్చు. స్లాబు, కొత్త గదులు మాత్రం ఆపండి. ఈ దశలో మిగతావాళ్లలో ఎవరైనా పని ఆపమని కోర్టు నుంచి ఇంజంక్షన్ తెచ్చుకోగలరు. ఇప్పటిదాకా అయిన ఖర్చుకు సిమెంటు, కమ్మీ, కడప బండల బిల్లులు, మేస్త్రీకి ఇచ్చిన కూలి లెక్క ఒక పుస్తకంలో రాసి పెట్టండి. భాగాల దావా వస్తే, ఖర్చు పెట్టినవాళ్లకే ఆ భాగం దక్కేలా కోర్టులు సాధారణంగా చూస్తాయి. సాధారణంగా అన్నాను, తప్పకుండా అనలేదు. స్లాబుకు పంచాయతీ అనుమతి కూడా తీసుకోండి.

మేనత్త కొడుకు కోపంలో తల్లి చేత ఆమె వాటా బయటివాళ్లకు అమ్మిస్తే? కాపురం ఉండే ఇంట్లో వాటా కొన్న బయటి మనిషి లోపలికి వచ్చి మీతో కలిసి ఉండే హక్కు అడగలేడు, ఆస్తి బదిలీ చట్టం 44వ సెక్షన్ అందుకు ఒప్పుకోదు. అతను భాగం కోసం దావా వేస్తే, కోర్టు కట్టిన వెలకు ఆ వాటా మీరే కొనుక్కోవచ్చు. ఇది 1893 నాటి పార్టిషన్ చట్టం ఇచ్చిన రక్షణ. అయితే ఇది ఇంటికే, చేనుకు వర్తించదు.

ఇక నడిమి గోడ. ఇరువైపుల దూలాలూ దాని మీదే ఆనుకున్నాయా, గోడ కట్టినప్పుడు సగం సగం ఖర్చు పెట్టుకున్నారా చూడండి. మట్టి మిద్దెల వరుసల్లో రెండడుగుల మందం గోడ ఒక్కటే రెండిళ్లను మోయడం మామూలే. అలా అయితే అది ఉమ్మడి గోడ. దాన్ని ఒకరు పీకడానికి గానీ, ఇంకొకరిని అడక్కుండా ఎత్తు పెంచడానికి గానీ వీల్లేదని పాత మద్రాస్ హైకోర్టు రోజుల నుంచే తీర్పులున్నాయి. ఈ విషయంలో పక్కింటివాళ్ల మాటే నెగ్గేలా ఉంది. పంతానికి పోకుండా మీ వైపు లోపలగా పిల్లర్లు లేపి స్లాబు వాటి మీద ఆనించండి. ఓ అడుగు చోటు పోతుంది, పదేళ్ల దావా తప్పుతుంది. మిద్దె నీళ్లు ఇన్నాళ్లూ వాళ్ల వైపు పడుతున్నా, స్లాబు నీళ్లన్నీ అటే వదిలేయకండి. ఇరవై ఏళ్ల వాడుకతో వచ్చిన హక్కు పాత ధారకే గానీ పెరిగిన ధారకు కాదు. గొట్టం మీ దొడ్డిలోకి దించుకోండి.

బోరు సంగతి చిన్నది. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఉంది కాబట్టి గ్రామ సచివాలయంలో దరఖాస్తు పెట్టి అనుమతి తీసుకోండి. దగ్గర్లో ఊరి తాగునీటి బోరు ఉంటే ముందే చూసుకోండి. రిగ్గు బండికి రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి. అయితే ఏ మూల తవ్వాలన్నది భాగాలు తేలాక చూడండి. మేనత్త భాగంలో నీళ్లు పడితే మళ్లీ మొదటికి వస్తారు.

చివరికి ముంత. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. భూమిలోనే కాదు, భూమికి అంటి ఉన్న గోడలో దాచినది దొరికినా అది నిధే. విలువ పది రూపాయలు దాటితే చాలు, ఎక్కడ, ఎప్పుడు, ఏమి దొరికిందో దొరికినవాళ్లు కలెక్టరుకు రాతపూర్వకంగా చెప్పాలి. దాస్తే ఏడాది వరకు జైలు. చట్టం దృష్టిలో దొరికింది మేస్త్రీ దగ్గరి పిల్లాడికి కాబట్టి అర్జీలో అతని పేరు తప్పకుండా రాయండి, అతన్ని పక్కకు తప్పించే ప్రయత్నం చేయొద్దు. మీ తాతే దాచారని మీరు అనుకుంటే ఆ మాట కూడా రాయండి. నూరేళ్ల లోపు దాచినదని, దాచినవాళ్ల వారసులు ఉన్నారని కలెక్టరుకు అనిపిస్తే సివిల్ కోర్టులో హక్కు తేల్చుకోవడానికి గడువిస్తారు. అక్కడ తాత సొమ్మేనని తేలితే ఆ 38 రూపాయల్లో 19 ఆదోనికి వెళ్తాయి.