ఫార్మసీలో బీపీ 152 వచ్చింది, మాత్రలు మొదలుపెట్టాలా?

ప్రశ్న: ఇంగ్లండ్ వచ్చి ఐదు నెలలైంది. నాకు 43 ఏళ్లు. ఇంటి దగ్గర ఫార్మసీలో ఉచితంగా బీపీ చూస్తామంటే వెళ్లాను. 152/94 వచ్చింది. ఇండియా నుంచి మాత్రలు తెప్పించుకోమంటారా?

జవాబు: వద్దు. ఒక్క పూట అంకె చూసి ఇక్కడ బీపీ ఉందని తేల్చరు. మీకు జరిగింది వడపోత మాత్రమే, అసలు పరీక్ష ఇంకా ఉంది.

ఫార్మసీలో ఇలా బీపీ చూసే ఈ సేవను ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ) 2021 అక్టోబరులో మొదలుపెట్టింది. ముఖ్యంగా 40 నిండి, బీపీ ఉందని ఇంతవరకు ఏ డాక్టరూ చెప్పనివాళ్ల కోసం పెట్టారు. ఇండియాలోనే తెల్మా లాంటి బీపీ మాత్రలు వేసుకుంటున్నవాళ్లు నేరుగా జీపీ (మన పేరు నమోదైన ఫ్యామిలీ డాక్టరు) దగ్గరికి వెళ్లాలి. ఆ సంగతి చెప్పకుండా చేయి చాపితే, మాత్ర పుణ్యమా అని 128 వస్తుంది, 'బాగానే ఉంది' అని పంపేస్తారు.

ఫార్మసీలో 140/90 గానీ అంతకు మించి గానీ వస్తే సాధారణంగా 24 గంటల మిషన్ కడతారు. మెలకువగా ఉన్నంతసేపు గంటకు కనీసం రెండుసార్లు దానంతట అదే కొలుస్తుంది. కఫ్ (జబ్బకు చుట్టే పట్టీ) బిగుస్తున్నప్పుడు ఎక్కడున్నా ఆగి, చేయి కదపకుండా ఉంచండి. అంట్లు తోముతూ వదిలేస్తే ఆ రీడింగు పనికిరాదు. మిషన్ ఉన్నంతసేపు స్నానం కుదరదు కాబట్టి ముందే చేసి వెళ్లండి. పగటి సగటు 135/85 గానీ అంతకు మించి గానీ ఉంటేనే బీపీ అంటారు. ఈ గీత 140/90 నుంచి ఎందుకు కిందికి దిగిందంటే, తెల్లకోటు చూడగానే కొందరికి పెరిగే బీపీ ఇంట్లో ఉండదు.

మిషన్ కుదరకపోతే ఇంట్లోనే చూసుకోమంటారు. పొద్దున రెండు, సాయంత్రం రెండు, మధ్యలో కనీసం ఒక నిమిషం విరామం. ఏడు రోజులైతే మంచిది, నాలుగుకు తగ్గకూడదు. మొదటి రోజువి కొట్టేసి మిగతావాటి సగటు తీస్తారు. అంటే వారంలో 28 రాస్తే 24 లెక్కలోకొస్తాయి. నచ్చని అంకెలు వదిలేసి మంచివే రాసుకెళ్లేవాళ్లున్నారు, దానివల్ల మోసపోయేది జీపీ కాదు.

ఇంట్లో చూసుకునే మిషన్ కొనేటప్పుడు మోచేతి పైన కట్టేదే తీసుకోండి, మణికట్టుది వద్దు. జబ్బ చుట్టుకొలత టేపుతో చూడండి. మామూలు కఫ్ చాలావరకు 22 నుంచి 32 సెంటీమీటర్లకు సరిపోతుంది. జబ్బ లావుగా ఉండి కఫ్ చిన్నదైతే బీపీ లేకపోయినా ఎక్కువ చూపిస్తుంది.

చలికాలంలో థర్మల్ మీద స్వెట్టరుంటే పైకి మడవకండి, ఆ మడతే జబ్బను బిగిస్తుంది. చేయి పూర్తిగా బయటకు తీయండి. అరగంట ముందు నుంచి కాఫీ వద్దు. బాత్రూమ్‌కు వెళ్లొచ్చి, వీపు ఆనించి, పాదాలు నేలకు ఆన్చి, కాలు మీద కాలు వేసుకోకుండా ఐదు నిమిషాలు ఊరికే కూర్చోండి. చేయి బల్ల మీద గుండె ఎత్తులో ఉండాలి. కొలుస్తున్నప్పుడు ఫోన్లో అమ్మతో మాట్లాడినా అంకె పెరుగుతుంది. మొదటిసారి రెండు చేతులకూ చూడండి. తేడా 15 దాటి, మళ్లీ చూసినా అలాగే ఉంటే, ఎక్కువ వచ్చిన చేతికే ఎప్పుడూ కొలవాలి.

180/120 గానీ అంతకు మించి గానీ వస్తే వారం ఆగకూడదు. అదే రోజు జీపీకి గానీ 111కు (ఎన్‌హెచ్‌ఎస్ సలహా నంబరు) గానీ ఫోన్ చేయండి. ఛాతీనొప్పి, ఆయాసం, మూతి వంకర, మాట తడబాటు ఉంటే 999కు ఫోన్ చేసి అంబులెన్సు పిలవండి.

ఈలోగా ఉప్పు సంగతి చూడండి. ఇక్కడి సలహా రోజుకు 6 గ్రాములు మించకూడదని, అంటే ఒక టీస్పూను. ఇండియన్ స్టోర్ ఆవకాయ సీసా మీద ఉప్పు బదులు సోడియం ఉంటే 2.5తో హెచ్చవేయండి: 1,000 మిల్లీగ్రాముల సోడియమంటే రెండున్నర గ్రాముల ఉప్పు. అప్పడం, చల్ల మిరపకాయలు దీనికి అదనం. నొప్పికి వేసుకునే ఐబూప్రొఫెన్ కూడా బీపీ పెంచగలదు.

జీపీ దగ్గర పేరు నమోదు చేసుకోకపోతే అది ముందు చేయండి. 40 నుంచి 74 ఏళ్లలోపు, ముందే జబ్బులు లేనివాళ్లను ఐదేళ్లకోసారి ఉచిత హెల్త్ చెక్‌కు పిలిచేది అక్కడి నుంచే. చూపించుకోవడానికి డబ్బు అక్కర్లేదు గానీ మందులకు ఒక్కో ఐటమ్‌కు 9.90 పౌండ్లు (2024 మే నుంచి ఉన్న ధర). రెండు మందులు కలిపిన మాత్ర ఇండియాలో వాడి ఉంటే ఇక్కడ విడివిడిగా రాయవచ్చు, అప్పుడు రెండు ఐటమ్‌లు. నెలనెలా వాడేవాళ్లకు ప్రీపేమెంట్ సర్టిఫికెట్ (మందుల ఖర్చంతా కలిపి ముందే కట్టేసే కార్డు) చవక. 60 నిండితే ఈ ఖర్చే లేదు.