వీసాలో ఆ చిన్న గడి

చిరంజీవి అమ్మలుకు,

పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది. నీ సొంత సంపాదనతో అమ్మనూ నాన్ననూ మూడు వారాలపాటు యూరప్ తిప్పి తీసుకురాబోతున్నావని మీ నాన్న నిన్న రాత్రి ఫోనులో చెప్పాడు. చెబుతున్నంతసేపూ వాడి గొంతులోని సంబరం విని నాకు కళ్లు చెమర్చాయి. ఆ తర్వాత వాడు ఊళ్ల వరుస చదివాడు: ముందు పారిస్, అక్కడి నుంచి సముద్రం కింద పోయే రైల్లో లండన్, మళ్లీ వెనక్కి వచ్చి స్విట్జర్లాండ్, చివరికి ఇటలీ. ఆ వరుస విన్నప్పటి నుంచి నాకు కునుకు పట్టలేదు. తెల్లవారగానే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

నీకు తెలిసినవే అయినా కొన్ని మాటలు చెప్పేస్తాను. ముగ్గురి పాస్‌పోర్టులూ గత పదేళ్లలోపు జారీ అయినవై ఉండాలి, మీరు షెంగెన్ దేశాల (ఒకే వీసాతో తిరగగల యూరప్ దేశాల కూటమి) నుంచి బయటికి వచ్చే తేదీ తర్వాత కనీసం మూడు నెలలు చెల్లాలి, రెండు పేజీలైనా ఖాళీగా ఉండాలి. వైద్య ఖర్చులకు బీమా 30,000 యూరోలకు తగ్గకూడదు. వీసా దరఖాస్తును ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి తీసుకుంటారు, పదిహేను రోజుల ముందుతో ఆపేస్తారు. నువ్వు ఆ పదిహేను రోజుల దాకా ఆగే మనిషివని నాకు తెలుసు కనుక మొదటి తేదీనే గుర్తు పెట్టుకో. అర్ధరాత్రి దాటాక పన్నెండున్నరకు విమానం అంటే ముందు రోజు రాత్రే విమానాశ్రయంలో ఉండాలి. కార్డు యంత్రం మన డబ్బులో లెక్క కట్టమంటావా అని మర్యాదగా అడిగితే, అంతే మర్యాదగా వద్దని ఆ దేశపు డబ్బునే ఎంచుకో.

ఇక నా నిద్ర చెడగొట్టిన విషయానికి వస్తాను. 2006లో నేనూ మీ పెద్దమ్మా వెళ్లిన ప్రయాణం గురించి "డబ్బు చాలక మధ్యలోనే వచ్చేశాం" అని మీ అందరికీ చెప్పాము. అది నిజం కాదు. మేము పారిస్ చూసి, స్విట్జర్లాండ్‌లో నాలుగు రోజులుండి, మిలాన్ మీదుగా ఫ్లోరెన్స్‌కూ, అక్కడి నుంచి రోముకూ పోయి, రోములో విమానం ఎక్కాలని అనుకున్నాము. షెంగెన్ వీసా దరఖాస్తులో ఎన్నిసార్లు ప్రవేశిస్తారని ఒక ప్రశ్న ఉంటుంది. యూరప్‌కు వెళ్లేది ఒక్కసారే కదా అనుకుని, నేను ‘ఒకసారి’ అన్న గడిలో టిక్కు పెట్టాను. పటంలో ఫ్రాన్సుకూ ఇటలీకీ నడుమ ఒదిగి కూర్చున్న స్విట్జర్లాండ్ ఆ రోజుల్లో షెంగెన్‌లో లేదు. అది చేరినది 2008 డిసెంబరులో. దానికి వేరే వీసా కావాలని తెలిసి, అది కూడా తీసుకుని, ఎంతో తెలివైన పని చేశానని మురిసిపోయినవాణ్ణే గాని, ఆ రెండు వీసాలనూ పక్కపక్కన పెట్టి చూసుకోలేదు.

ఫ్రాన్సు దాటి స్విట్జర్లాండ్‌లోకి అడుగుపెట్టే బాసెల్‌లో ఒక అధికారి, మేము షెంగెన్ నుంచి బయటికి వెళ్లినట్లు మా పాస్‌పోర్టుల మీద ముద్ర కొట్టి నవ్వుతూ తిరిగి ఇచ్చాడు. ఆ ముద్రతో మా షెంగెన్ వీసా ఆయుష్షు తీరిపోయిందని నాకు తెలియదు. నాలుగు రోజుల తర్వాత జూరిక్‌లో మిలాన్ రైలెక్కాము. అప్పట్లో ఆ రైలు 1882 నాటి గొట్టార్డ్ సొరంగం మీదుగా కొండ దారిన పోయేది. ఆ దారిలో వాసెన్ అనే ఊరు వస్తుంది. పట్టాలు కొండలో మెలికలు తిరిగి పైకెక్కుతాయి కనుక, ఆ ఊరి చర్చి మొదట తలెత్తి చూడవలసినంత ఎత్తులోనూ, తర్వాత కిటికీకి సమంగానూ, చివరికి కాళ్ల కింద బొమ్మలాగానూ మూడుసార్లు కనిపిస్తుంది. మీ పెద్దమ్మ చిన్నపిల్లలా వేళ్లు మడిచి లెక్కపెట్టింది.

సరిహద్దు స్టేషను చియాస్సోలో ఇటలీ పోలీసులు పెట్టెలోకి వచ్చారు. ఒకాయన మా పాస్‌పోర్టులు చూశాడు. ఆయన కోప్పడలేదు, కసరలేదు; వీసా మీద 01 అని అచ్చు వేసి ఉన్న గడి మీద వేలు పెట్టాడు, తర్వాత బాసెల్ ముద్ర మీద వేలు పెట్టాడు, ఆ తర్వాత తలుపు వైపు చూపించాడు. నేను హోటలు కాగితాలు తీశాను, రోము నుంచి తిరుగు టిక్కెట్లు తీశాను, చేతిలో ఉన్న డబ్బు కూడా చూపించాను. అన్నీ సక్రమంగానే ఉన్నాయి, ఆ ఒక్క అంకె తప్ప. మేము దిగగానే రైలు మా కళ్ల ముందే ఇటలీ వైపు వెళ్లిపోయింది. మీ పెద్దమ్మ పెట్టె మీద కూర్చుని, దరఖాస్తు ఎవరు నింపారని కూడా అడగలేదు. అడిగి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది. తిరిగి జూరిక్ పోయే రైల్లో వాసెన్ దగ్గర మాత్రం, "చూశారా, ఆ చర్చి మనకు ఆరుసార్లు కనిపించింది, ఎవరికైనా ఇంత అదృష్టం పడుతుందా" అంది. హోటళ్ల డబ్బు పోయింది, రోము టిక్కెట్లు పోయాయి, జూరిక్ నుంచి కొత్త టిక్కెట్లకు ఏడాది అప్పు తీర్చుకున్నాము. "రోము ఎక్కడికీ పోదు లెండి" అని ఆవిడ ఇంటికి వచ్చాక కూడా అనేది. రోము విషయంలో ఆవిడ మాట నిజమే అయింది.

ఇప్పుడు నీ వరుస చూడు. స్విట్జర్లాండ్ ఇవాళ షెంగెన్‌లోని 29 దేశాల్లో ఒకటి కనుక అక్కడ భయం లేదు. కాని లండన్ నీ దారిలో సరిగ్గా నా స్విట్జర్లాండ్ లాగే మధ్యలో కూర్చుంది. బ్రిటన్ షెంగెన్ దేశం కాదు, దాని వీసా వేరు. పైగా పారిస్‌లో లండన్ రైలు ఎక్కే స్టేషనులోనే ఫ్రాన్సు అధికారులు మీరు బయటికి వెళ్లినట్లు నమోదు చేస్తారు, ఆ పక్కనే బ్రిటన్ అధికారులు లోపలికి రానిస్తారు. అంటే రైలు కదలక ముందే మీ ప్రవేశం ఒకటి ఖర్చయిపోతుంది. పాస్‌పోర్టులో ముద్రలకు బదులు వేలిముద్రలూ ఫొటోతో రాకపోకలు నమోదు చేసే పద్ధతిని 2025 అక్టోబరు 12న మొదలుపెట్టారు కనుక, పొరపాటున చూడకుండా వదిలేస్తారేమోనన్న ఆశ కూడా పెట్టుకోకు.

కాబట్టి లండన్‌ను ముందుకు జరుపు. నేరుగా లండన్‌లో దిగి, అక్కడి నుంచి రైల్లో పారిస్, ఆ పైన స్విట్జర్లాండ్, ఇటలీ చూసి రోములో విమానం ఎక్కితే ఒక్క ప్రవేశంతోనే పని జరుగుతుంది. అలా కుదరదంటే, ఎక్కువసార్లు ప్రవేశించే వీసా కోరి, ఎందుకో దరఖాస్తుతో పాటు ఒక ఉత్తరంలో వివరించు. కోరినంత మాత్రాన ఇవ్వాలని లేదు. వీసా చేతికి వచ్చాక ఆ గడిలో ఏమి అచ్చయిందో ముగ్గురివీ విడివిడిగా చదువు. దాని పక్కనే ఎన్ని రోజులుండవచ్చో ఉంటుంది, అందులో దిగిన రోజూ బయలుదేరే రోజూ రెండూ లెక్కే. దరఖాస్తు ఎక్కువ రాత్రులుండే దేశానికి చేయాలి. పారిస్‌లో నాలుగు, స్విట్జర్లాండ్‌లో ఐదు, ఇటలీలో ఏడు అని మీ నాన్న చెప్పిన లెక్క నిజమైతే అది ఇటలీ.

చవకగా దొరికాయని, డబ్బు వెనక్కి ఇవ్వని టిక్కెట్లు అప్పుడే కొనేశావట. వీసా రాకముందే ఎవరు కొనమన్నారమ్మా నిన్ను? తేదీలు మార్చుకునే వీలుందేమో ఇవాళే కనుక్కో. మార్చడానికి అయ్యే రుసుము నేను పంపుతాను, మీ నాన్నకు చెప్పకు.

వాడి రక్తపోటు మాత్రలు మూడు వారాలకు సరిపడా, మరో వారానికి అదనంగా, అసలు అట్టల్లోనే ఉంచి, మందు పేరు వివరంగా ఉన్న డాక్టరు చీటీతో సహా నీ చేతిసంచిలో పెట్టుకో. విమానం కింద వేసే పెట్టెలో పెట్టవద్దు, వాడి చేతికి అసలే ఇవ్వవద్దు. వేసుకున్నానని అబద్ధం చెబుతాడు. ఆరేళ్ల వయసులో ఆముదం తాగినట్లు నటించి పూలకుండీలో పోసిన మనిషి వాడు.

వీసాలు రాగానే ఆ పేజీల ఫొటోలు నాకు పంపు, నేను కూడా ఒకసారి చదువుతాను. జూరిక్ నుంచి మిలాన్‌కు ఇప్పుడు వేగంగా పోయే రైళ్లు 2016లో తెరిచిన 57 కిలోమీటర్ల కొత్త సొరంగంలో దూరిపోతాయి, వాటిలో నీకు ఏమీ కనిపించదు. పాత కొండ దారిన నెమ్మదిగా పోయే రైళ్లు ఇంకా ఉన్నాయి. ఆ రోజు వేరే పనేమీ పెట్టుకోకుండా అందులో ఎక్కి, అమ్మనూ నాన్ననూ కిటికీ పక్కన కూర్చోబెట్టు. వాసెన్ చర్చి వస్తుంది. మూడుసార్లే చూడండి.

ఇట్లు,
మీ పెదనాన్న