రెండు ఎయిర్‌లైన్ ఆఫర్లు, ఒక బాండు: పైలట్ సంతకం పెట్టే ముందు

ప్రశ్న: హైదరాబాద్ బేస్‌గా ఒక ఎయిర్‌లైన్‌లో ఏ320 విమానానికి ఫస్ట్ ఆఫీసర్‌గా (కో-పైలట్‌గా) ఉన్నాను. నాకు రెండు ఆఫర్లు వచ్చాయి. మొదటి కంపెనీ బోయింగ్ 737 టైప్ రేటింగ్ (ఆ రకం విమానం నడిపేందుకు కావాల్సిన శిక్షణ, అర్హత) తన ఖర్చుతో చేయిస్తానంటోంది. స్థిర జీతం 1,60,000, గంటకు 3,000 చొప్పున 40 గంటలకు గ్యారంటీ (అంతకంటే తక్కువ ఎగిరినా ఆ గంటల డబ్బు ఇస్తారు). ‘75 గంటలు ఎగిరితే నెలకు 3,85,000’ అని ఆఫర్‌లో రాశారు. 25 లక్షలకు ఐదేళ్ల బాండు, దానికి నాన్నగారి జామీను అడుగుతున్నారు. రెండోది స్థిర జీతం 1,50,000, గంటకు 2,800, గ్యారంటీ 70 గంటలు. విమానం ఏ320యే కాబట్టి బాండు లేదు. డబ్బు చూస్తే మొదటిదే మేలనిపిస్తోంది. న్యాయపరంగా ఏది భద్రం? ఇప్పటి కంపెనీకి ఆరు నెలల నోటీసు ఇవ్వక తప్పదా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ముందు ఆ 3,85,000 సంగతి. అది జీతం కాదు, అంచనా. మీరు 75 గంటలు ఎగురుతారని కంపెనీ ఎక్కడా మాట ఇవ్వలేదు. కోర్టుకు వెళ్తే మీరు అడగగలిగేది 2,80,000 మాత్రమే. రెండో కంపెనీని 3,46,000 అడగవచ్చు. లెక్క వేస్తే, నెలకు 62 గంటలు దాటి ఎగిరినప్పుడే మొదటి ఆఫర్ లాభం. అంతకు తగ్గితే నష్టం.

విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల ప్రకారం ఏడాదిలో 1000 గంటలకు మించి ఎగరకూడదు, అంటే గరిష్ఠ సగటు 83 గంటలు. అందులో సెలవు నెల, సిమ్యులేటర్ శిక్షణ, జబ్బు పడిన రోజులు పోతాయి. పది నెలలు 75 గంటలు, రెండు నెలలు గ్యారంటీ మీద గడిస్తే మొదటి ఆఫర్‌కు ఏడాదికి 44,10,000, రెండోదానికి 42,92,000. తేడా 1,18,000. అదే పది నెలల సగటు 65కు పడితే రెండోదే 42,000 ఎక్కువ. 2024 ఏప్రిల్‌లో విస్తారా ఎయిర్‌లైన్‌లో విమానాలు రద్దయింది ఎందుకో గుర్తుందా? గ్యారంటీని 70 గంటల నుంచి 40కి తగ్గించిన కొత్త ఒప్పందంపై పైలట్ల అసంతృప్తి అందులో పెద్ద కారణం.

గ్యారంటీ క్లాజులో మూడు మాటలు వెతకండి. సెలవు రోజులకు గ్యారంటీని దామాషాగా తగ్గిస్తారా? గంట అంటే చాక్స్ (చక్రాలకు పెట్టే అడ్డుదిమ్మలు) తీసినప్పటి నుంచి మళ్లీ పెట్టేదాకానా, లేక రోస్టర్‌లో వేసిన సమయమా? డెడ్‌హెడ్ (డ్యూటీ కోసం ప్రయాణికుడిగా వేరే ఊరికి వెళ్లడం), స్టాండ్‌బై (పిలిస్తే వెళ్లేందుకు సిద్ధంగా ఉండటం)లకు ఏమిస్తారు? డెడ్‌హెడ్ ప్రయాణం డ్యూటీ కిందికే వస్తుంది, కానీ ఫ్లయింగ్ గంట కాదు. దానికి డబ్బు రావాలంటే ఒప్పందంలో విడిగా రాసి ఉండాలి.

ఇక బాండు. నా దృష్టిలో మీ నిర్ణయం దీని మీదే నడవాలి. బాండు చెల్లదని, కోర్టులో నిలబడదని హాస్టల్ గదుల్లో చెప్పుకునే మాట నమ్మకండి. 2025 మేలో విజయా బ్యాంక్ కేసులో మూడేళ్ల సర్వీసు, రెండు లక్షల బాండును సుప్రీంకోర్టు సమర్థించింది. ఉద్యోగంలో ఉన్న కాలానికి పెట్టిన ఇలాంటి షరతు వృత్తి స్వేచ్ఛకు అడ్డు కాదని చెప్పింది. అయితే భారత కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో రాసిన మొత్తం గరిష్ఠ హద్దు మాత్రమే, కోర్టు ఇప్పించేది సమంజసమైన పరిహారం. టైప్ రేటింగ్‌కు నిజంగా పెట్టిన ఖర్చు ఎంత, మీరు ఎన్నేళ్లు పని చేశారు అన్నవి అక్కడ పనికొస్తాయి. కానీ ఆ వాదన గెలవడానికి ఏళ్లు పడుతుంది, ఈలోగా మీ చివరి సెటిల్‌మెంట్ ఆగిపోవచ్చు. అందుకే వాదనను కోర్టుకు వదలకుండా బాండులోనే రాయించుకోండి.

ఏం రాయించాలంటే: ఏటా దామాషాగా తగ్గాలి. మూడేళ్లకు మానేస్తే 25 లక్షలు కాదు, 10 లక్షలే బాకీ. దామాషా లేకపోతే ఏటా 1,18,000 లాభం చూసి 25 లక్షల గోతిలో దిగినట్టే. బాండు కాలం చేరిన రోజు నుంచి మొదలవ్వాలి. లైన్ రిలీజ్ (శిక్షణ ముగిసి మామూలు విమానాలకు అనుమతి వచ్చిన రోజు) నుంచి అని రాస్తే సిమ్యులేటర్ స్లాటు, ట్రైనర్ దొరకని నెలలన్నీ మీ ఖాతాలో పడతాయి. జీతం లేని సెలవులో కంపెనీయే పంపితే (2020లో చాలామందికి ఇదే జరిగింది) ఆ కాలం కూడా బాండులో లెక్కకు రావాలి. మెడికల్‌గా అన్‌ఫిట్ అయినా, కంపెనీయే తీసేసినా, రెండు నెలలు జీతం ఆపినా బాండు రద్దవ్వాలి. సంతకం పెట్టిన ఖాళీ చెక్కులు, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ ఇవ్వకండి.

నాన్నగారి జామీను నాకు అసలు నచ్చలేదు. అదే కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం జామీనుదారు బాధ్యత అసలు బాకీదారు బాధ్యతతో సమానం. కంపెనీ మిమ్మల్ని వదిలి ముందుగా ఆయన మీదికే వెళ్లవచ్చు. తప్పదంటే జామీను ఎంత మొత్తానికో, ఎంత కాలానికో పరిమితం చేయించండి. ఇల్లు, పొలం కాగితాలు తాకట్టు మాత్రం వద్దు.

నోటీసు: డీజీసీఏ నిబంధన ప్రకారం కో-పైలట్‌కు ఆరు నెలలు, కెప్టెన్‌కు ఏడాది. పైలట్ల సంఘాలు దాన్ని ఢిల్లీ హైకోర్టులో సవాలు చేశాయి. కానీ మీ నియామక పత్రంలోనే ఆరు నెలలని ఉంటే ఆ కేసు ఏమైనా ఒప్పందం మిమ్మల్ని పట్టి ఉంచుతుంది. నోటీసు లేకుండా వెళ్లిపోయిన పైలట్ల మీద 2023లో ఆకాశ ఎయిర్ బాంబే హైకోర్టుకు వెళ్లింది. కంపెనీ రాజీనామా ఆమోదించి ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) ఇస్తే గడువు తగ్గుతుంది. నోటీసు కాలంలో మీరు ఫ్లైట్ కాదనకూడదు, వాళ్లూ డ్యూటీ కేటాయింపులో మీ న్యాయమైన హక్కులు తీసేయకూడదు. కమాండ్ అప్‌గ్రేడ్ (కెప్టెన్‌గా ప్రమోషన్) దగ్గర్లో ఉంటే ఆలోచించి ఒప్పుకోండి, కెప్టెన్ అయిన రోజు నుంచి నోటీసు ఏడాది.

పీఎఫ్, గ్రాట్యుటీ గురించి క్లుప్తంగా. మీరు జతచేసిన లెటర్లలో బేసిక్ మొదటిదాంట్లో 60,000, రెండోదాంట్లో 90,000. కంపెనీ వాటా 15,000 పరిమితి మీద 1,800 కడుతుందా, మొత్తం బేసిక్ మీద 12 శాతమా అని రాతపూర్వకంగా అడగండి. 2025 నవంబర్ 21 నుంచి అమల్లో ఉన్న లేబర్ కోడ్‌ల ప్రకారం మినహాయించే అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే, దాటిన భాగం వేతనంలో కలుస్తుంది. కాబట్టి గ్రాట్యుటీని 60,000 మీదే లెక్కిస్తామంటే ఒప్పుకోవద్దు. రాజీనామా చేసినవారికి రెండు పనిదినాల్లో వేతన బకాయిలు చెల్లించాలనీ అవే కోడ్‌లు చెబుతున్నాయి.

ఇది ఎందుకంటే, విమాన కంపెనీలు మునుగుతాయి. జెట్ ఎయిర్‌వేస్ 2019లో ఆగిపోయింది. ఉద్యోగుల పీఎఫ్, గ్రాట్యుటీ పూర్తిగా చెల్లించాలన్న తీర్పును 2023లో సుప్రీంకోర్టు నిలబెట్టింది. జీతం బకాయిలకు ఆ రక్షణ లేదు, వరుసలో నిలబడాలి. ఫ్లయింగ్ అలవెన్సు రూపంలో ఎక్కువ, బేసిక్ రూపంలో తక్కువ ఇచ్చే ఆఫర్‌ను తూచేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. లాస్ ఆఫ్ లైసెన్స్ బీమా (ఆరోగ్య కారణాలతో ఎగరలేకపోతే వచ్చేది) తాత్కాలిక అన్‌ఫిట్‌కు కూడా వర్తిస్తుందా, ఎన్ని నెలల జీతానికి అనేదీ చూడండి.

చివరి పేజీలో ‘వివాదాలు గురుగ్రామ్ కోర్టుల్లోనే’ అని ఉంటుంది. 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఇలాంటి షరతులు ఉద్యోగ ఒప్పందాల్లోనూ చెల్లుతాయంది. హైదరాబాద్‌లో కేసు వేయగలనని అనుకోకండి.

నా సలహా రెండో ఆఫర్. మొదటిదాని మీదే మనసుంటే పైన చెప్పిన మార్పులు బాండులో వచ్చాకే వెళ్లండి. ఏదైనా సరే, లెటర్ ఆఫ్ ఇంటెంట్ (తీసుకునే ఉద్దేశం ఉందని మాత్రమే చెప్పే లేఖ) చూసి రాజీనామా ఇవ్వకండి. మీ నోటీసు ముగిసేదాకా ఆరు నెలలు ఆగుతామన్న మాట, చేరే తేదీ రాసిన కొత్త కంపెనీ నియామక పత్రం రెండు వైపులా సంతకాలతో చేతికొచ్చాకే రాజీనామా మెయిల్ పంపండి.