కోట విడిచే వేళ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

రిచ్ బర్లూ 2003లో మొదలుపెట్టిన ‘ది ఆర్డర్ ఆఫ్ ద స్టిక్’ అనే వెబ్‌కామిక్‌లోని అజూర్ సిటీ యుద్ధం మీద వచ్చిన ప్రశ్నలకే ఈసారి శీర్షికను కేటాయిస్తున్నాం. కథ తెలియని వారి కోసం రెండు మాటలు. పుల్లబొమ్మలతో నడిచే ఈ హాస్య సాహస కథలో, సముద్రపు ఒడ్డున ఉన్న అజూర్ సిటీ మీదికి రెడ్‌క్లోక్ అనే గాబ్లిన్ పురోహితుడు, జైకాన్ అనే చచ్చీ చావని మాంత్రికుడు హాబ్‌గాబ్లిన్ల సైన్యంతో దండెత్తుతారు. కొత్తగా గద్దెనెక్కిన హింజో ఎదుర్కొంటాడు. గోడ కూలుతుంది, నగరం చేజారుతుంది, మిగిలినవారు ఓడలెక్కి బయటపడతారు.

ప్రశ్న: అంత సైన్యం వెంట ఉన్నప్పుడు నగరం చుట్టూ విడిది చేసి లోపలివాళ్లను ఆకలితో లొంగదీయకుండా, వచ్చీ రాగానే గోడ మీదికి ఎగబడడం రెడ్‌క్లోక్ తెలివితక్కువతనం కాదా? (రాజమహేంద్రవరం పాఠకుడు)

జవాబు: కాదు. ఆ యుద్ధంలో ఆయన తీసుకున్న సరైన నిర్ణయాల్లో అదొకటి. ఆకలితో కోటను పట్టాలంటే రసదు చేరే దారులన్నీ మూతపడాలి. రేవు తెరిచి ఉన్న నగరానికి నేలవైపున ఎన్ని గుడారాలు వేసినా ధాన్యం ఓడల్లో వస్తూనే ఉంటుంది. 1453లో కాన్‌స్టాంటినోపుల్‌ను (నేటి ఇస్తాంబుల్) ముట్టడించిన ఒట్టోమన్ సుల్తాను రెండవ మెహ్మద్‌కు ఈ సంగతి బాగా తెలుసు. గోల్డెన్ హార్న్ అనే సముద్రపు పాయ మూతికి నగరవాసులు ఇనుప గొలుసు అడ్డం కట్టడంతో, ఏప్రిల్ 22న ఆయన సుమారు 70 ఓడలను కొవ్వు పూసిన దుంగల మీదుగా గట్టు దాటించి పాయలోకి దింపాడు. హాబ్‌గాబ్లిన్లకు నౌకాబలం లేదు. పైగా ఆకలి గోడకు లోపలివైపునే ఉంటుందని ఎవరూ అనుకోకూడదు. 1687లో గోల్కొండ కింద విడిది చేసిన ఔరంగజేబు సైన్యం వానలకు నదులు పొంగి, దారులు తెగి, తిండికి అల్లాడింది. కోటలో కొట్లు నిండి ఉండగా బయట శిబిరంలో జనం చచ్చిపోయారు. ఆ లెక్కన చూస్తే అజూర్ సిటీలో జరిగినదాన్ని ముట్టడి అనడం కంటే లగ్గపట్టడం (నేరుగా గోడ మీదికి ఎగబడి కోటను పట్టడం) అనడమే సరిగా ఉంటుంది.

ప్రశ్న: ఓటమి ఖాయమని తెలిశాక హింజో ముందుగానే ఓడలెక్కించి ఉంటే చాలా ప్రాణాలు దక్కేవని నా వాదన. రాజే ఓడెక్కితే గోడ మీద సైనికుడు ఎందుకు నిలబడతాడని మా తమ్ముడి వాదన. వారం రోజులుగా ఇంట్లో ఇదే రగడ. ఎవరిది ఒప్పు? (హైదరాబాదు పాఠకురాలు)

జవాబు: మీరిద్దరూ రెండు వేర్వేరు పనులను ఒకే పేరుతో పిలుస్తున్నారమ్మా. పోరాడలేని జనాన్ని పంపించడం ఒక పని, పోరాడుతున్న దళాన్ని వెనక్కి తీసుకోవడం మరొక పని. మొదటిది గోడ నిలిచి ఉండగానే ముగియాలి. ముగియకపోతే ఏమవుతుందో 1291 మేలో మధ్యధరా తూర్పు తీరాన క్రూసేడర్ల చేతిలో ఉన్న ఏకర్ నగరం చూసింది. ఈజిప్టును ఏలే మమ్లూక్‌లు 18వ తేదీన గోడ దాటి లోపలికి వచ్చేసరికి జనమంతా ఒక్కసారిగా రేవు మీద పడ్డారు; ఓడలు చాలలేదు. నగర మతగురువు నికొలస్ కాదనలేక వచ్చినవారినల్లా తన పడవలోకి ఎక్కించుకోగా, బరువుకు అది మునిగి ఆయన కూడా ప్రాణం విడిచాడు. దయలో లోపం లేదు. ఆ దయ చూపవలసింది గోడ పడిన రోజున కాదు, అంతకు ముందటి వారాల్లో. ఇంతవరకు మీ వాదన నెగ్గింది.

ఇక మీ తమ్ముడి మాట. కాన్‌స్టాంటినోపుల్‌లో చివరి రోజైన మే 29న వెలుపలి, లోపలి గోడల మధ్య నిలిచిన రక్షకుల వెనుక, లోపలి గోడ ద్వారాలకు తాళాలు వేశారు. వెనుదిరిగే ఆలోచనే ఎవరికీ రాకూడదని అలా చేశారు. తెల్లవారుజామున జెనోవా నుంచి వచ్చిన సేనాని జుస్తినియాని గాయపడి, ఓడ దగ్గరికి చేర్చమని, ద్వారం తెరవమని అడిగాడు. చక్రవర్తి వద్దని బతిమాలాడు. అయినా తాళం తీశారు. ఆ ఒక్క ద్వారంలోంచి సేనాని బయటికి వెళ్లడం చూసిన జెనోవా సైనికులు అంతా అయిపోయిందనుకొని ఆయన వెంటే తోసుకొచ్చారు. గంటల తరబడి నిలిచిన వరుస నిమిషాల్లో విడిపోయింది. జుస్తినియాని కియోస్ ద్వీపం చేరి కొద్ది రోజులకే మరణించాడు. గాయపడినవాడు వెళ్లిపోవడాన్ని నేను తప్పుపట్టను. ఆయన స్థానంలో ఎవరు నిలబడాలో, ఏ ద్వారం ఎవరి కోసం తెరవాలో ముందే చెప్పి ఉంచకపోవడం తప్పు. తాళం ధైర్యాన్ని ఇస్తుందనుకున్నారు గాని, తీరా తెరుచుకున్నప్పుడు అది ఎంత భయాన్ని వదిలిపెడుతుందో ఊహించలేదు.

కాబట్టి హింజో చివరిదాకా నగరంలో ఉండడం సరే, చివరికి ఓడెక్కడమూ సరే. రాజు చేజిక్కితే నగరం తిరిగి గెలుచుకునే మాటే ఉండదు.

ప్రశ్న: రెడ్‌క్లోక్ పంపిన టైటానియం భూతాలు గోడను బద్దలుకొట్టిన క్షణానే యుద్ధం ముగిసినట్టు కాదా? ఆ తరువాతి పేజీలన్నీ సాగదీత అని నాకనిపిస్తుంది. (విశాఖపట్నం పాఠకుడు)

జవాబు: గోడకు గండి పడడం వేరు, కోట పడడం వేరు. గండి ఇరుకైన చోటు. ఎంత పెద్ద సైన్యమైనా అక్కడ కొద్దికొద్దిమందిగానే లోపలికి రావాలి, కాబట్టి సంఖ్యాబలానికి విలువ తగ్గేది అక్కడే. గోల్కొండనే మళ్లీ తీసుకోండి. మొగలులు సొరంగాలు తవ్వి గోడ కింద తుపాకిమందు కూరారు. లోపలివాళ్లు ఆ సంగతి పసిగట్టి, తమ వైపు నుంచి ఎదురు తవ్వి, చేతికందినంత మందు తోడేసి నీళ్లు పోశారు. నిప్పు పెట్టినప్పుడు మిగిలిన మందు వెలుపలివైపుకు పేలి, రాళ్లన్నీ ముట్టడిదారుల నెత్తినే పడ్డాయి. ఎనిమిది నెలలు ఆగిన ఆ కోట సెప్టెంబరులో పడింది గోడ కూలినందుకు కాదు. లంచం తిన్న అబ్దుల్లా ఖాన్ పనీ అనే సర్దారు రాత్రివేళ దిడ్డివాకిలి తెరిచినందుకు. అప్పుడు కూడా గోల్కొండ సర్దారు అబ్దుర్ రజాక్ లారీ ఒళ్లంతా గాయాలతో కత్తి దూస్తూనే ఉన్నాడు.

అజూర్ సిటీలో గండి దగ్గర కరువైంది రెండో వరుస. గోడ ఎక్కడ విరిగితే అక్కడికి పరుగెత్తడానికి చేతిలో దాచుకునే దళం ఉండాలి. ఆ నగరంలో ఆరితేరిన ఖడ్గధారుల్లో చాలామంది సింహాసన మందిరంలో ద్వారరత్నానికి (జైకాన్ కన్నేసిన మాయాద్వారాన్ని దాచిన రత్నానికి) కాపలాగా నిలిచిపోయి, జైకాన్ విసిరిన ఒక్క ఉన్మాద మంత్రానికి ఒకరినొకరు నరుక్కున్నారు. వారి ప్రమాణం అలాంటిదని అభిమానులు సమర్థిస్తారు. ప్రమాణం గొప్పదే కావచ్చు. సేనానిగా మాత్రం నేనైతే అందులో సగం మందిని గండి దగ్గరికి పంపేవాణ్ని.

ప్రశ్న: జైకాన్ వేషంలో ముగ్గురిని యుద్ధంలోకి దింపడం మరీ కామిక్ పోకడ కాదా? (వరంగల్లు పాఠకురాలు)

జవాబు: మన దక్కనులోనే దీనికి నమూనా ఉంది. 1660లో పన్హాలా కోటను బీజాపూర్ సేనాని సిద్దీ జౌహర్ నెలల తరబడి ముట్టడించినప్పుడు, జూలై నెల వానరాత్రి శివాజీ కోట దిగిపోయాడు. ఆయన పోలికలున్న శివా కాశిద్ అనే మంగలి పల్లకీలో వేరే దారిన వెళ్లి పట్టుబడి ప్రాణమిచ్చాడని మరాఠా సంప్రదాయం చెబుతుంది. కనుమ దారిలో శివాజీ సర్దారు బాజీ ప్రభు సుమారు మూడు వందల మందితో వెంటాడేవారిని ఆపాడు. శివాజీ విశాల్‌గఢ్ చేరినట్టు ఫిరంగి మోత వినిపించేదాకా ఆపాడు. తేడా ఒక్కటే. రెడ్‌క్లోక్ మారువేషాన్ని దాడికి వాడాడు, శివాజీ నిష్క్రమణకు వాడాడు. రెండో వాడకమే కష్టం, ఎందుకంటే వేషం ఎంతసేపు నిలుస్తుందో అంతదూరమే దారి దొరుకుతుంది. హింజో పక్షాన ఆ ఫిరంగి మోత లాంటి గుర్తు ఏదీ ఏర్పాటు చేసుకోలేదన్నది నా ఫిర్యాదు. కథానాయకుల బృందంలోని హేలీ, బెల్కర్ నగరంలోనే చిక్కుపడిపోవడం చూడండి.

ప్రశ్న: మంత్రాలు అయిపోగానే సైనికులను గండి దగ్గర వదిలేసి మాయమైన మాంత్రిక పాత్ర వార్సూవియస్ పిరికిపంద అవునా కాదా? ఒక్క మాటలో చెప్పండి. (నెల్లూరు పాఠకుడు)

జవాబు: ఆడో మగో రచయిత తేల్చని పాత్ర కనుక తెలుగులో బహువచనం వాడి తప్పించుకుంటాను: వారు పిరికివారు కారు. మందు అయిపోయిన ఫిరంగిని బురుజు మీద ఉంచి ప్రయోజనం లేదు. కానీ ఫిరంగిని దించేటప్పుడు పక్కనున్న సిపాయికి చెప్పి దించుతారు. వారు చెప్పలేదు. తరువాతి భాగాల్లో చనిపోయిన ఆ సైనికులే వారికి నిద్ర లేకుండా చేయడంలో రచయిత ఎక్కడా అతి చేయలేదు. మీరు ఒక్క మాట అడిగారు, నేను ఆరు వాక్యాలు రాశాను, మన్నించండి.